ఎవరి బతుకమ్మ ఎక్కడ పెట్టాలి

ఫైలు ఎట్లా కట్టాలో, నోటు ఎట్లా రాయాలో ఉద్యోగంలో చేరిన నెలలోనే ఎవరో ఒకరు నేర్పుతారు. ఆఫీసులో పండుగ చేసుకునే రోజు ఎక్కడ నిలబడాలో, ఎవరితో ఎంత మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పరు కానీ అందరూ గమనిస్తారు.

మా వీధిలో ఒక అమ్మాయికి ఈమధ్య సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. "అత్తా, మా ఆఫీసుల పండుగ చేస్తాండ్రట. పోవాల్నా? పోకుంటే ఏమన్నా అనుకుంటరా?" అని అడిగింది. "పో, మంచిగ చీర కట్టుకొని పో" అన్నాను. ఆమె వెళ్ళాక అది సగం జవాబే అనిపించింది. మిగతా సగం రాయడానికే కూర్చున్నాను.

నేను హనుమకొండలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరి, అదే ఊళ్ళో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. శాఖ పేరు రాయను, అవసరం లేదు. కొలతలు, అంచనాలు, కాంట్రాక్టర్లు, ఇంజనీర్లు ఉండే ఆఫీసు. వెనకనే స్టాఫ్ క్వార్టర్లు. మధ్యలో పెద్ద ఖాళీ జాగా. డెబ్బైల్లోనూ ఎనభైల్లోనూ మా ఆఫీసు పండుగ అంటే ఆ జాగాలో ఆడిన బతుకమ్మే. దసరాకు ముందు తొమ్మిది రోజుల్లో ఒక రోజు ఎంచుకొని, నాలుగింటికి పని ఆపి, ఆఫీసు ఆడవాళ్ళు, క్వార్టర్ల ఆడవాళ్ళు కలిసి ఆడేవాళ్ళం. పండుగ నాడు ఎవరి ఇంట్లో వాళ్ళకు పని ఉంటుంది కాబట్టి ఏడో రోజు మా రోజు.

రెండు వరుసలు తీసేసిన ఏడు

నేను చేరిన ఏడు మా ఆఫీసులో ఆడవాళ్ళం నలుగురమే. నాకు ఇరవై రెండేళ్ళు. మా నాన్న మగ్గం నేసేవాడు. మా ఇంట్లో సర్కారు ఉద్యోగం అనేది మొదటిసారి. బిడ్డ ఆఫీసులో బతుకమ్మ ఆడుతుందంటే మా అమ్మకు అది చిన్న సంగతి కాదు. ముందు రోజే గునుగు పూలకు రంగులద్ది ఆరబెట్టింది. పొద్దున్నే తంగేడు, బంతి, సీతజడ పూలు ముందరేసుకొని ఇత్తడి తాంబాళంలో పేర్చడం మొదలుపెట్టింది. పేర్చి పేర్చి నా నడుము దాకా తెచ్చింది. రిక్షాలో రెండు చేతులా పట్టుకొని ఆఫీసుకు తీసుకుపోయాను.

దించగానే అక్కడున్న వాళ్ళు మాట్లాడడం ఆపేశారు. నేను మెచ్చుకుంటున్నారేమో అనుకున్నాను. మా సూపరింటెండెంటు రంగయ్య గారు మెల్లగా నా పక్కకు వచ్చారు. ఆయనకు అప్పటికి యాభై దాటాయి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి.

"విమలమ్మా, పెద్ద సారు భార్య తెచ్చేది దీంట్ల సగం ఉంటది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "అయితే ఏమైంది సార్?" అన్నాను.

"ఏం గాలేదు. పైన రెండు వరుసలు తియ్యి, మంచిగుంటది."

తీశాను. రికార్డు రూములోకి తీసుకుపోయి, మా అమ్మ పొద్దంతా పేర్చిన పూలను పై నుంచి ఒక్కొక్కటి ఊడదీసి కిటికీలో పెట్టాను. తల మీది పసుపు గౌరమ్మను కిందికి దించి, మళ్ళీ పైన పెట్టాను. పెద్ద సారు అంటే మా ఆఫీసు ఇంజనీరు గారు. ఆయన భార్య సుభద్రమ్మ గారు వచ్చారు. పొట్టిగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. అందరి బతుకమ్మలూ చూసుకుంటూ నా దగ్గర ఆగి, "ఎంత చక్కగా పేర్చినవమ్మా. పైన ఇంకో రెండు వరుసలుంటే ఇంకా అందంగ ఉండేది. పూలు తక్కువైనయా?" అని అడిగారు.

రంగయ్య గారు నేల చూశారు. నేను "అవునమ్మా" అన్నాను.

పెద్దవాళ్ళు అడగని మర్యాదను మనమే ఊహించుకొని, దాన్ని చిన్నవాళ్ళ మీద రుద్దుతామని ఆ రోజు తెలిసింది. తెలిసిందంటే, అప్పటికి తెలిసింది అంతే. తర్వాత నేనే దాన్ని మర్చిపోయాను. ఆ సంగతి కిందికి వస్తుంది.

రంగయ్య గారి పద్ధతులు

రంగయ్య గారి దగ్గర నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. ఆ రెండు వరుసల సంగతి తప్పితే, పండుగ రోజు ఎట్లా మెలగాలో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

సదానందం అని మా దగ్గర ఒక క్లర్కు ఉండేవాడు. అతన్ని ములుగు వేస్తారని ఆఫీసులో గుసగుస. దసరా సెలవుల తర్వాత ఆఫీసు తెరిచిన మొదటి రోజు అందరం పెద్ద సారుకు జమ్మి ఆకు ఇచ్చి దండం పెట్టే రివాజు ఉండేది. బంగారమని ఇస్తాం, ఆయన తీసుకొని మగవాళ్ళను అలాయ్ బలాయ్ చేసుకుంటారు. సదానందం జమ్మి ఆకు కింద మడత పెట్టిన కాగితం ఒకటి కలిపి ఇచ్చాడు. బదిలీ ఆపమని అర్జీ. పెద్ద సారు ఆకు తీసుకున్నారు, అతన్ని గుండెకు హత్తుకున్నారు, కాగితాన్ని మళ్ళీ అతని చొక్కా జేబులోనే పెట్టారు. "ఇది రేపు పదకొండింటికి తీసుకరా" అన్నారు. సదానందం మొహం మాడిపోయింది. ఆ మరుసటి రోజు అర్జీ తీసుకుపోవడానికే సిగ్గుపడ్డాడు. ములుగు పోయాడు.

"ఆయన ఖుషీగ ఉన్నప్పుడు అడిగితె పనైతదనుకున్న సార్" అని రంగయ్య గారితో మొత్తుకుంటే ఆయన ఇట్లా అన్నారు: "ఖుషీగ ఉన్నప్పుడు అడిగితె ఆయన ఖుషీ పోతది. నీ పని అట్లనే ఉంటది."

మగవాళ్ళు పండుగ పేరు చెప్పి గెస్ట్ హౌసులో సీసాలు విప్పే రోజులవి. రంగయ్య గారు దానికి పోకుండా ఉండేవారు కాదు. ఒక గ్లాసులో సోడా పోయించుకొని, అదే పట్టుకొని గంటసేపు నిలబడి, అందరినీ పేరు పెట్టి పలకరించి ఇంటికి వచ్చేవారు. పోకపోతే బిర్ర బిగుసుకున్నాడంటారు, ఎక్కువసేపు ఉంటే మరుసటి రోజు ఎవరో ఒకరి ముఖం చూడలేమని ఆయన లెక్క. తాగి నోరు జారిన వాళ్ళను నా సర్వీసులో చాలామందిని చూశాను. మాట పడ్డ మనిషి మర్చిపోయినట్టు నటిస్తాడు, అంతే. మర్చిపోయిన వాళ్ళను నేను చూడలేదు.

ఇవన్నీ చిన్న సంగతులు. అసలు సంగతి ఐలమ్మది.

ఐలమ్మ

ఐలమ్మ మా ఆఫీసు స్వీపరు. నేను చేరేటప్పటికే ఆమె ఉంది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. హసన్‌పర్తి అవతల ఒక ఊరి నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, మేము వచ్చేసరికి ఊడ్చి, నీళ్ళు పట్టి, కూజాలు నింపి పెట్టేది. దినకూలీ మీద ఏండ్లకేండ్లు చేసింది. నేను కొత్తగా వచ్చినప్పుడు మధ్యాహ్నం భయంభయంగా ఒక్కదాన్నే తింటుంటే, మెట్ల మీద కూర్చొని "ఏం కూర తెచ్చుకున్నవ్ బిడ్డా?" అని అడిగిన మొదటి మనిషి ఆమె. నేను ఆమెను ఐలవ్వా అని పిలిచేదాన్ని.

బతుకమ్మ వచ్చిందంటే మా అందరికీ పూలు తెచ్చేది ఐలమ్మే. తెల్లారకముందే గుట్ట మీదికి పోయి తంగేడు, చేన్ల గట్ల మీద గునుగు కోసి, పెద్ద మూట నెత్తిన పెట్టుకొని వచ్చేది. ఆఫీసర్ల ఇండ్లకు మొదలు, తర్వాత మాకు. సాయంత్రం మేము ఆడుతుంటే గోడ పక్కన నిలబడి చూసేది. ఆట అయ్యాక బరువైనవి తాను ఎత్తుకొని వడ్డేపల్లి చెరువు దాకా మోసేది. ఆమె ఏ వాడ నుంచి వస్తుందో అందరికీ తెలుసు. ఆమె కోసిన పూలు అందరూ తీసుకునేవాళ్ళు. ఆమె పేర్చిన బతుకమ్మ ఎట్లా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం ఆమెను పర్మినెంటు చేస్తూ ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరు టైపు చేసింది నేనే. చదివి వినిపిస్తే ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివాను. "అయితే నేను గూడ మీ లెక్క స్టాఫే కదా బిడ్డా" అంది. "స్టాఫే ఐలవ్వా" అన్నాను.

ఆ ఏడు బతుకమ్మ నాటికి రంగయ్య గారు రిటైరయ్యారు. సుభద్రమ్మ గారు వాళ్ళు బదిలీ మీద పోయారు. కొత్త ఇంజనీరు గారి భార్య ప్రమీల గారు హైదరాబాదు నుంచి వచ్చారు. ఆఫీసు ఆడవాళ్ళలో నేనే సీనియర్ని కాబట్టి పండుగ ఏర్పాట్లు నాకు అప్పగించారు.

నల్లా దగ్గర

ఆ రోజు పొద్దున ఐలమ్మ ఎప్పటిలాగే పూలు తెచ్చి అందరికీ పంచింది. మధ్యాహ్నం పని ముగించుకొని ఎటో పోయింది. నాలుగింటికి కొత్త చీర కట్టుకొని, నెత్తి మీద తన బతుకమ్మ పెట్టుకొని గేట్లోంచి వచ్చింది. పూలు పంచగా తనకు మిగిలింది ఎక్కువ గునుగు. రంగు అద్దకుండా తెల్లగానే పేర్చింది, మధ్య మధ్య తంగేడు పచ్చగా. పొందికగా ఉంది, ఎక్కడా ఒక కాడ బయటికి రాలేదు. ముగ్గేసి పీటలు పెట్టిన చోటికి నేరుగా వచ్చి, ప్రమీల గారి తాంబాళం పక్కన దించింది.

ప్రమీల గారు నా చెవి దగ్గరికి వచ్చారు. కోపంగా ఏమీ లేరు.

"విమల గారూ, ఆవిడది కాస్త పక్కన పెట్టించండి. అందరూ ఏమనుకుంటారు?"

ఆ "అందరూ" ఎవరో నేను అడగలేదు. 'ఆమె కూడా స్టాఫేనండి' అని ఉండొచ్చు. 'పండుగ పూట ఎందుకులెండి' అని నవ్వి ఉండొచ్చు. వినబడనట్టు ఆట మొదలుపెట్టించి ఉండొచ్చు. ఇవన్నీ నాకు ఆ రాత్రి పడుకున్నాక తట్టాయి. ఆ నిమిషంలో తట్టింది ఒక్కటే: నా ప్రమోషన్ ఫైలు ఆవిడ భర్త టేబుల్ మీద ఉంది. దీన్ని దాచుకొని ఏదో మర్యాద కోసం చేశానని రాస్తే ఈ రాత అంతా దండగ.

ఐలమ్మ దగ్గరికి పోయాను. "ఐలవ్వా, జర నీది అటు పక్కకు పెట్టరాదూ."

"ఏ పక్కకు బిడ్డా?"

"గా నల్లా దగ్గర."

ఆమె ఆవరణ మూలనున్న నీళ్ళ నల్లా వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. కొంగు చుట్టగా చుట్టి నెత్తి మీద పెట్టుకొని, వంగి తాంబాళం ఎత్తుకొని, వచ్చిన గేట్లోంచే బయటికి పోయింది. ఒక్కతే చెరువు వైపు పోతుంటే రోడ్డు మలుపు దాకా తెల్లగా ఆ బతుకమ్మ కనబడింది. ఎవరో పాట అందుకున్నారు. నేను కూడా చప్పట్లు కొడుతూ తిరిగాను.

సెలవులు అయ్యాక ఐలమ్మ మామూలుగానే వచ్చింది. ఊడ్చింది. నా టేబుల్ మీద గ్లాసు పెట్టి, "నీళ్ళు, మేడం" అంది. నన్ను అంతవరకు ఆమె మేడం అని ఎన్నడూ పిలవలేదు. ఆ తర్వాత తాను రిటైరయ్యేదాకా ఇంకోలా పిలవలేదు.

ఆ చలికాలంలో రంగయ్య గారు చౌరస్తాలో కలిస్తే జరిగింది చెప్పాను. ఆయన అంతా విని, "ఆమె ఏమన్నది?" అని అడిగారు.

"ఏమనలేదు సార్."

"అయితే కష్టమే" అన్నారు. "నీతోని పూలు తీపిచ్చింది నేనే కదా. గా రోజు నేను నోరు మూసుకోవాల్సింది" అన్నారు. ఆయన దాన్ని అన్నేండ్లు గుర్తుపెట్టుకున్నారని నాకు తెలియదు.

సెలవు కాగితం

మరుసటి ఏడు పండుగకు రెండు వారాల ముందు ఐలమ్మ నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టింది. అప్పటికి సెలవు కాగితాలు చూసే సీటు నాదే. ఎవరితోనో చక్కగా రాయించింది. బతుకమ్మ పండుగ నిమిత్తం మా ఆఫీసు ఆట రోజు సెలవు కావాలని. కింద ఆమె సంతకం. పర్మినెంటు అయ్యాక ఆమె పెట్టిన మొదటి సెలవు అది.

కాగితం నా దగ్గరే ఉండగా సంగతి క్వార్టర్లకు పాకింది. ఐలమ్మ రాకపోతే పూలు ఎవరు తెస్తారని అందరి ఫికరూ అదే. ప్రమీల గారు కబురు పంపారు: "ఆ రోజు సెలవు ఇవ్వొద్దని చెప్పండి."

మధ్యాహ్నం దాకా ఆ కాగితాన్ని డ్రాయరులో పెట్టుకొని కూర్చున్నాను. తర్వాత 'సిఫారసు చేయడమైనది' అని రాసి, నేనే తీసుకుపోయి ఇంజనీరు గారి ముందు పెట్టాను. ఆయన చదివి, "ఈమె ఎన్నడూ సెలవు పెట్టలేదు కదా?" అన్నారు. "లేదు సార్" అన్నాను. సంతకం పెట్టేశారు. నేను ఏడాదిగా భయపడ్డది ఈ మనిషికి.

ఆదివారం హసన్‌పర్తి బస్సెక్కి, దిగి, అడుగుతూ ఐలమ్మ ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చొని చాటలో పెసర్లు చెరుగుతోంది. నన్ను చూసి లేచి, గొంగడి పరిచింది. నీళ్ళిచ్చింది. నేను తాగేదాకా ఆగి అడిగింది.

"పూల కోసం అచ్చినవా మేడం, నా కోసం అచ్చినవా?"

అబద్ధం చెప్పాలనిపించింది. "రెండింటి కోసం" అన్నాను.

"మంచిగ చెప్పినవ్" అంది, మళ్ళీ చాట అందుకొని.

"పోయినేడు నేను తప్పు చేసిన ఐలవ్వా. నిన్ను అట్ల అనొద్దుండె."

ఆమె చెరుగుతూనే ఉంది. "నన్నన్నవని కాదు మేడం. నన్ను దినాం ఎవలో ఒకలు అంటనే ఉంటరు. నల్లా కాడ నేను చీపుర్లు పెడ్త. అది నీకు ఎరుకే. నేను గౌరమ్మను చేసుకొని తెస్తె, చీపుర్ల కాడ పెట్టుమన్నవ్."

నేను ఆమెను నొప్పించానని పోయాను. ఆమె చెప్తున్నది వేరే. నేను ఏం చేశానో నాకే పూర్తిగా తెలియకుండా క్షమాపణ అడగడానికి పోయాను.

తర్వాత ఆమే అడిగింది. "సెలవు ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు. సంతకమైంది."

"అయితే ఆ రోజు మా వాడల ఆడుకుంట. ఎన్నేండ్లాయె, ఏడో రోజు నేను మావోళ్ళతోని ఆడక." చాట పక్కన పెట్టి, చేయి చాపి ఊరవతల గుట్ట చూపించింది. "పూలు గాడ ఉన్నయి మేడం. ఎవలన్నా కోసుకోవచ్చు. ఎండ ఎక్కకముందు పోండ్రి, వాడిపోతయ్."

ఏడో రోజు పొద్దున నేను, ఇంకో ఇద్దరు క్లర్కులం ఆ గుట్ట ఎక్కాము. తంగేడు కోయడం చూడడానికి సులువు. ముళ్ళ పొదల మధ్య నుంచి కోయాలి. గునుగు కాడలు తెంపి తెంపి వేళ్ళు ఒరుసుకుపోయాయి. మూట కట్టి నెత్తిన పెట్టుకుంటే పది అడుగులు వేసేసరికి జారిపోయింది. ముగ్గురం కలిసి తెచ్చింది ఐలమ్మ ఒక్కతే తెచ్చేదాంట్లో పావు వంతు లేదు. ఆ ఏడు మా అందరి బతుకమ్మలూ చిన్న చిన్నవే. ప్రమీల గారిది బజారులో కొన్న బంతి పూలతో ఒకే రంగులో ఉంది. ఆట తొందరగా ముగిసింది.

కింది ఉద్యోగి పండుగ పూట మీకు ఏదైనా చేసిపెడుతుంటే, అది ఆమె ఉద్యోగంలో భాగమా కాదా అని ఒకసారి ఆలోచించండి. కాకపోతే అది ఆమె మీకు ఇస్తున్న కానుక. కానుక ఇచ్చే మనిషిని గోడ పక్కన నిలబెట్టకూడదు. నాకు ఇది తెలియడానికి గుట్ట ఎక్కాల్సి వచ్చింది.

ప్రమీల గారి మాట

ఆ తర్వాతి ఏడు ఏర్పాట్లు మొదలుపెట్టే ముందు నేను ప్రమీల గారి క్వార్టరుకు పోయాను. టీ ఇచ్చారు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మాటను చుట్టూ తిప్పాను.

"ఈసారి ఎవరు ముందొస్తే వాళ్ళ బతుకమ్మ మధ్యలో పెడదామనుకుంటున్నాం మేడం. వచ్చిన వరుసలోనే. పీటలు కూడా వద్దు, అన్నీ ముగ్గు మీదే."

"అంటే నేను ముందే రావాలా?"

"రావచ్చు మేడం."

ఆవిడ కప్పు కింద పెట్టారు. "మీరు చెప్పాలనుకున్నది సూటిగా చెప్పండి విమల గారూ."

చెప్పాను. ఐలమ్మను నల్లా దగ్గరికి పంపింది తప్పని, ఆ మాట ఆమెతో అన్నది నేనని, అప్పుడే మీకు కాదని చెప్పాల్సిందని, ఐలమ్మ నాతో అన్న మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. చీపుర్ల సంగతి విని ఆవిడ ముఖం మారింది.

"అక్కడ చీపుర్లు పెడతారని నాకు తెలియదు" అన్నారు.

"నాకు తెలుసు మేడం."

టీ కప్పులు రెండూ ఒక పక్కకు జరిపారు. "నేను పక్కన పెట్టించమన్న మాట నిజమే. దానికి వంక లేదు. కొత్తగా వచ్చాను, ఇక్కడ అలా ఉంటుందేమో అనుకున్నాను. మీరు ఈ ఊరివాళ్ళు. వద్దండీ అని ఒక్క మాట అంటే నేను ఆగిపోయేదాన్ని."

ఆవిడ నిజంగా ఆగిపోయేవారో లేదో నాకు తెలియదు. కానీ ఆగే అవకాశం ఆవిడకు నేను ఇవ్వలేదు. పై వాళ్ళు చేసే తప్పుల్లో చాలా వాటికి చివరి సంతకం మనదే. వాళ్ళు సగం మాట అంటారు, మిగతా సగం మనం పూర్తి చేసి కింది వాళ్ళకు చేరవేస్తాం. ఇరవై ఏళ్ళు సూపరింటెండెంటు సీట్లలో కూర్చున్నాక చెప్తున్నాను: కాదు అని మెల్లగా, పక్కకు పిలిచి చెప్తే నా మీద ఏ ఆఫీసరూ పగపట్టలేదు. ఒకరిద్దరు చిరాకు పడ్డారు. అంతకంటే ఏమీ కాలేదు.

వచ్చిన వరుసలో

వరుస పద్ధతి మాట ఐలమ్మకు నేను చెప్పలేదు. చెప్తే మళ్ళీ పూల కోసం పిలిచినట్టు ఉంటుంది. నోటీసు బోర్డు మీద రాసి పెట్టి, అటెండరుతో స్టాఫంతటికీ చదివించాను, అందరికీ అదే. పూలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలని కూడా రాశాను. ఆమె సెలవు కాగితం ఇస్తుందేమోనని రోజూ చూశాను. ఇవ్వలేదు. వస్తానని కూడా అనలేదు.

ఏడో రోజు మధ్యాహ్నం ఐలమ్మ పని ముగించుకొని వెళ్ళిపోయింది. నేను సాయంత్రం మూడున్నరకు ముగ్గు చూడడానికి బయటికి వచ్చేసరికి మధ్యలో ఒక తాంబాళం ఉంది. దాని పక్కన ఐలమ్మ కూర్చొని, కొంగుతో మెడ తుడుచుకుంటోంది. తెల్ల గునుగు, పచ్చ తంగేడు, ఈసారి బంతి కూడా.

తర్వాత క్లర్కులు వచ్చారు. ఆ తర్వాత ప్రమీల గారు వచ్చారు. ఈసారి తనే పేర్చినట్టుంది, బతుకమ్మ పెద్దగా ఉంది కానీ ఒక పక్కకు ఒరిగి ఉంది. మధ్యలో ఉన్నది ఎవరిదో చూశారు. ముగ్గు చుట్టూ అందరం ఆవిడనే చూస్తూ నిలబడ్డాం. ఆవిడ తనది దించడానికి చోటు వెతుక్కుంటుంటే ఐలమ్మ లేచింది.

"జర ఆగుండ్రి అమ్మా. మీది ఒరిగింది, పడిపోతది." తన తాంబాళం జానెడు జరిపి చోటు చేసింది. ప్రమీల గారి బతుకమ్మ కింద గుమ్మడాకు సర్ది, ఒరిగిన వైపు నాలుగు గునుగు కట్టలు దోపి నిలబెట్టింది.

"మీది చాలా బాగుంది" అన్నారు ప్రమీల గారు.

"మా ఊరి పూలు" అంది ఐలమ్మ.

అంతే మాట్లాడుకున్నారు. ఆట మొదలైంది. ఐలమ్మ గొంతు అంత బాగుంటుందని మాకు తెలియదు. మూడో పాట నుంచి ఆమె చెప్తుంటే మేము అందుకున్నాం.

పొద్దు వాలుతుండగా ఎవరిది వాళ్ళు ఎత్తుకొని చెరువుకు పోయాం. ఆ ఏడు నీళ్ళు కట్ట దాకా ఉన్నాయి, ఒడ్డున బురద. ప్రమీల గారు తాంబాళం పట్టుకొని మొదటి మెట్టు మీదే ఆగిపోయారు. నీళ్ళంటే భయమట. ఐలమ్మ అప్పటికే తనది సాగనంపి మోకాళ్ళ లోతులో నిలబడి ఉంది. చేయి చాపింది.

"కాలు గట్టిగ పెట్టుండ్రి. కిందికి చూడొద్దు. నేను పట్టుకున్న."

ప్రమీల గారు ఆ చేయి పట్టుకొని ఒక్కో మెట్టూ దిగారు. నేను కట్ట మీద నిలబడి అందరి చెప్పులకూ కాపలా కాశాను. ఏర్పాట్లు చూసే మనిషిగా ఆ సాయంత్రం నాకు మిగిలిన పని అదొక్కటే.